చిన్న మంట మీద ఆపిల్ గుజ్జు

అక్టోబర్ 6

అమ్మాయీ,

మామయ్య రాస్తున్నాను. ఫోన్ చేద్దామంటే మీ సొరంగం సైటులో ఉన్న ఒక్క ఫోను దగ్గర నీ వెనక పదిమంది నిలబడి ఉంటారని మావాడు చెప్పేవాడు. ఇక నా చెవుల సంగతి నీకు తెలిసిందే. ప్రెస్సు మిషన్ల పక్కన నిలబడి జన్మంతా అక్షరాలు పేర్చినవాడి చెవులు అవి. ఇప్పుడు నీ మొగుడి నోరు కూడా మూతపడింది. ఒకడికి వినపడదు, ఇంకొకడు మాట్లాడలేడు. ఇల్లు మహా ప్రశాంతంగా ఉంది.

రిహార్సల్ హాలు మెట్ల మీద జారిపడ్డాడన్నది నీకు తెలుసు. ఆపరేషన్ అయ్యాక పై దవడనీ కింది దవడనీ కలిపి సన్నటి తీగలతో బిగించారు. పళ్ళ సందుల్లోంచి దూరగలిగింది తప్ప ఏదీ లోపలికి పోదు. సూది లేని సిరంజికి ఒక గొట్టం తగిలించి, బుగ్గ పక్క నుంచి నేనే పోస్తున్నాను. పాలు, సూపు, మళ్ళీ పాలు. మంచం పక్క మేకుకి కటింగ్ ప్లేయరు ఒకటి వేలాడదీశాం. "వాంతి వచ్చినా, ఊపిరి ఆడకపోయినా వెంటనే తీగలు కత్తిరించెయ్యండి" అన్నాడు డాక్టరు, చొక్కా గుండీలు విప్పమన్నంత తేలిగ్గా. నేను ఆ ప్లేయరు వంక చూడకుండా పాలు పోస్తుంటాను.

నిన్నటి నుంచి వాడు సూపు కూడా వద్దంటున్నాడు. గొట్టం దగ్గరికి తెస్తే మొహం తిప్పేస్తాడు. "మరేం కావాలిరా నీకు?" అని అరిచాను. పలక తీసుకుని రాశాడు: "ఆపిల్ గుజ్జు. దాల్చినచెక్క వేసింది. తను చేసినట్టు." ఎలా చేస్తుందని అడిగితే, "తెలీదు. తినడం వరకే తెలుసు" అని రాశాడు.

నాకు అది కూడా తెలియదు. నేను వంటింట్లోకి మంచినీళ్ళ కోసం తప్ప వెళ్ళినవాణ్ణి కాదు. నీ వంటింట్లో ఏడు కత్తులున్నాయి, ఒక్కటీ తెగదు. పొయ్యి చెవి తిప్పగానే దానంతటదే భగ్గుమంటుంది, ఒకటి రెండుసార్లు కనుబొమలు తడిమి చూసుకున్నాను. కాబట్టి వంట తెలిసినవాడికి రాసినట్టు కాకుండా, నాకు రాసినట్టు రాయి.

ఇంకో మాట. నీకు సెలవు దొరకలేదని కూడా పలక మీద రాసి చూపించాడు. మొగుడి దవడ విరిగినా సెలవివ్వని ఉద్యోగం అదేం ఉద్యోగమో! నేనేమీ అనడం లేదు. మేం సొరంగం కన్నా ముఖ్యం కాదుగా.

వాడి చొక్కాలు వదులైపోతున్నాయి. జవాబు ఆలస్యం చెయ్యకు.

మీ మామయ్య


అక్టోబర్ 10

మామయ్యగారికి,

మీ ఉత్తరం కూరగాయల వ్యానులో వచ్చింది, ఈ జవాబు అదే వ్యానులో వస్తోంది. డ్రైవరు హారన్ కొడుతున్నాడు. కాగితం మీద మచ్చలు బురదవి, ఏమీ అనుకోకండి. సొరంగంలో ఊట పెరిగింది, పంపు ఒకటి మొరాయిస్తోంది, నేను పొద్దుటి నుంచి మోకాళ్ళ లోతు నీళ్ళలోనే ఉన్నాను.

ఆపిల్ గుజ్జు చాలా సులువు. తియ్యటి ఆపిల్స్ నాలుగు తీసుకోండి, కాస్త మెత్తబడినవైనా ఫరవాలేదు. తొక్క తీసి, మధ్యలో గింజలున్న గట్టి భాగం తీసేసి, ముక్కలన్నీ ఒకే సైజులో కొయ్యండి. లేకపోతే చిన్నవి కరిగిపోయేసరికి పెద్దవి రాళ్ళలా మిగులుతాయి. గిన్నెలో వేసి పావు గ్లాసు నీళ్ళు పోసి, వేలి కణుపంత దాల్చినచెక్క ముక్క పడెయ్యండి. మూతపెట్టి, చిన్న మంట మీద ఉంచండి. గరిటె ఆనించగానే ముక్క చితికిపోతే ఉడికినట్టు. అప్పుడు చెక్క తీసి పారేసి, బాగా మెదపండి. చక్కెర అక్కర్లేదు. గొట్టంలోంచి దిగాలి కాబట్టి పలుచటి గుడ్డలో వడగట్టి, గోరువెచ్చగా పొయ్యండి.

సెలవు సంగతి ఆయన ఏం రాశారో అదే నిజమనుకోండి.

ఉంటాను. వ్యాను కదులుతోంది.

మీ కోడలు


అక్టోబర్ 15

అమ్మాయీ,

చాలా సులువు అని రాశావు. ఆ మాట మళ్ళీ నా దగ్గర అనకు.

'పావు గ్లాసు' అన్నచోట ముందర ఏదో అక్షరం రాసి కొట్టేశావు. కొట్టేసింది కూడా చదవడం మా కంపోజిటర్లకు పాత జబ్బు. నాకది 'ము' లాగా, 'ప్ప' లాగా కనిపించింది. ముప్పావు గ్లాసు పోశాను. ముక్కలు ఉడకలేదు, ఈత కొట్టాయి. ఆ నీళ్ళలో నీ వేలి కణుపంత చెక్క ఒక మూల ఒంటరిగా తేలుతోంది. ఇంత నీటికి ఇంత చెక్క ఏమూలకి అనిపించింది. డబ్బాలో ఉన్న మిగతా చెక్కలు కూడా దంచి, పొడి చేసి గిన్నెలో కలిపాను. వాసన వీధి దాకా వెళ్ళింది. నా మీద నాకే గౌరవం కలిగింది.

వడగట్టాను, టీ జల్లెడలో. పొడి ఆగలేదు. రెండో సిరంజి పోస్తుండగా గొంతులో పట్టుకుంది. నోరు తెరిచి దగ్గడానికి లేదు. వాడి మొహం ఎర్రగా అయి, తర్వాత ఏ రంగూ కాకుండా అయింది. నేను ప్లేయరు అందుకున్నాను. చేతిలోంచి జారి అది కాస్తా మంచం కింద పడింది. నేను నేల మీద పాకుతూ వెతుకుతుంటే, వాడే ముందుకి వంగి, ముక్కుతో గాలి పీల్చుకుని, పళ్ళ సందుల్లోంచి అదంతా బయటికి కార్చేసి, ఎలాగో తమాయించుకున్నాడు.

తర్వాత పలక నా మీదికి విసిరాడు. మోకాలికి తగిలింది. నా కొడుకు నా మీద వస్తువు విసరడం ఇదే మొదలు. కాసేపయ్యాక అదే పలక తెచ్చుకుని, "నాన్నా, వద్దు. పాలే చాలు" అని రాశాడు.

కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారే, అదీ నీ వంటకం. చేసే మనిషి ఇక్కడ ఉండి చెయ్యాల్సిన పని ఇది. ఉత్తరాల మీద చేసేది కాదు.

మామయ్య


అక్టోబర్ 19

మామయ్యగారికి,

మీ ఉత్తరం చదివాక నాకు పొద్దుటి నుంచి ముద్ద దిగలేదు. ఆయన ఊపిరి అందక కొట్టుకుంటే నాకు తెలిసేది నాలుగు రోజుల తర్వాతా? సైటు ఫోనుకి ఒక్క కబురు చెయ్యలేకపోయారా? పక్కింటి టీచరమ్మగారిని అడిగినా చేసేవారు కదా!

పొడి అని నేనెక్కడ రాశాను? చెక్క తీసి పారెయ్యమన్నాను. పొడిని ఎలా తీసి పారేస్తారండీ? పావు అంటే పావే. నేను కొట్టేసింది 'ముందు' అన్న మాట, దాంట్లోంచి మీరు ముప్పావు తీశారు. జల్లెడ అనలేదు, గుడ్డ అన్నాను. రాసినదంతా వదిలేసి, కొట్టేసినది మాత్రం చదివారు.

ఇక మీరు ఆఖర్న అన్న మాట. మీరు పెద్దవారు, ఎన్నన్నా పడతాను. కానీ ఇది పడను. నాకు సెలవు దొరక్కపోవడం ఏమిటి? ఆపరేషన్ అయిన వెంటనే అడిగాను, ఇచ్చారు, సంచి కూడా సర్దుకున్నాను. అప్పుడు ఆయన దగ్గర నుంచి చీటీ వచ్చింది. "నువ్వు రావద్దు. నాన్న వస్తున్నాడు. నువ్వొస్తే తన మీద నమ్మకం లేక వచ్చావని నొచ్చుకుంటాడు." మీరు నొచ్చుకోకూడదని నేను ఇక్కడ బురద తోడుకుంటూ కూర్చున్నాను. పైగా మాట కూడా నేనే పడాలి.

మళ్ళీ చెయ్యండి. పావు గ్లాసు. ఒక్క ముక్క. గుడ్డ. ఇంతకన్నా విడమరిచి నాకు రాయడం రాదు.

మీ కోడలు


అక్టోబర్ 24

అమ్మాయీ,

నేను నొచ్చుకుంటానని నీకు వాడు చెప్పాడా? నీ ఉత్తరం వాడి ముందు పెట్టి, "ఏమిట్రా ఇది?" అని అడిగాను.  పలక మీద "ఇప్పుడెందుకది" అని రాసి గోడవైపు తిరిగి పడుకున్నాడు. నాకు ఒకటి చెప్పి, నీకు ఒకటి చెప్పి, మన ఇద్దరినీ చెరో మూల నిలబెట్టాడు. ఎందుకో తెలియడం లేదు.

గుజ్జు మళ్ళీ చేశాను. పావు గ్లాసే పోశాను. కొత్తగా కొని తెచ్చిన చెక్క ఒక్కటే, కణుపంత, నీ వేలంత ఉండాలని చిన్నదే వేశాను. అంతా బాగానే ఉంది, గుడ్డ దగ్గర ఆగిపోయాను. నీ ఇంట్లో పలుచటి గుడ్డ ఎక్కడుంటుందో రాశావా? లేదు. అరలన్నీ వెతికాను. వెతుకుతుండగా అడుగంటింది. పై నుంచి మంచి భాగం తీసుకున్నాను. వాడి మంచం కింద నల్ల పెట్టె ఉంటే తెరిచాను. క్లారినెట్ పక్కన తెల్లటి గుడ్డ, మెత్తగా, శుభ్రంగా, మడతపెట్టి ఉంది. దాంట్లో వడగట్టాను. ఎంత చక్కగా దిగిందో! తీసుకెళ్ళి గిన్నె చూపించాను.

వాడు గిన్నె చూడలేదు, నా భుజం మీదున్న గుడ్డ చూశాడు. లాక్కుని, లేవకూడదన్నా లేచి, కుళాయి దగ్గరికెళ్ళి ఉతికాడు. పిండాడు, మళ్ళీ ఉతికాడు. మరక పోలేదు. అక్కడే నేల మీద కూలబడి ఏడ్చాడు. నోరు తెరవలేని మనిషి ఏడిస్తే ఎలా ఉంటుందో నువ్వు చూడకూడదు అమ్మాయీ. ముక్కు మూసుకుపోతుంది, ఊపిరాడదు, ఏడుపు ఆపుకోవడానికి కూడా ఏడవాలి. నేను ప్లేయరు పట్టుకుని పక్కన నిలబడ్డాను.

గుడ్డపేలిక కోసం ఇంత ఏడుపా? అది నువ్వు కొనిచ్చిందా? మీ ఇద్దరి మధ్య ఏదైనా గొడవ ఉందా? ఉంటే దాచకు. రావద్దనడం, అబద్ధాలాడటం, ఏడవడం, ఇవన్నీ నాకు ఒక్కవైపే చూపిస్తున్నాయి.

గుజ్జు చల్లారిపోయింది. నేనే తాగాను. మాడు వాసన.

మామయ్య


అక్టోబర్ 28

మామయ్యగారికి,

మా ఇద్దరి మధ్య ఉన్నది ఒక కొండ. దాన్నే తవ్వుతున్నాం. అది తప్ప ఇంకేమీ లేదు.

మీరు అలా అడిగారంటే ఆ ఇంట్లో నన్ను ఏమనుకుంటున్నారో అర్థమైంది. మామూలుగా అయితే దీనికి జవాబు కూడా రాయకపోదును. మనసు ఎంత మండిందంటే, నిన్న పంపు ఆపరేటరు మీద ఊరికే అరిచి, మళ్ళీ వెళ్ళి బతిమాలుకోవాల్సి వచ్చింది.

గుడ్డ నేను కొన్నది కాదు. వాయించాక లోపలి తేమ తుడిచే గుడ్డ అది. అలాంటివి ఆయన దగ్గర అరడజను ఉంటాయి, చిరిగితే బూట్లు తుడుచుకుంటారు. దానికోసం ఏడవరు.

నాకు అర్థం కానిది వేరే ఉంది. పెట్టె మంచం కింద ఎందుకుంది? మా పెళ్ళయిన దగ్గర నుంచి అది కిటికీ పక్క బల్ల మీద తప్ప ఇంకోచోట పెట్టగా నేను చూడలేదు. జ్వరం వచ్చినా చేతికి అందేలా ఉండాలంటారు. నేల చెమ్మకి ఆ కర్ర పాడైపోతుంది. మీరు తుడిచేటప్పుడు కిందికి నెట్టి ఉంటే దయచేసి వెంటనే పైన పెట్టండి. మీకు ఆ పెట్టె సామాను కావచ్చు, ఆయనకు కాదు.

పలుచటి గుడ్డ బీరువా కింది సొరుగులో ఉంది. అడుగు మందంగా ఉన్న గిన్నె పై అరలో ఉంది, నల్లది. ఉడుకుతున్నంతసేపూ పొయ్యి దగ్గర నుంచి కదలకండి.

కోడలు


నవంబర్ 2

అమ్మాయీ,

పెట్టె నేను నెట్టలేదు.

నీ ఉత్తరం చదివి కోపంగానే వంటింట్లోకి వెళ్ళాను. నల్ల గిన్నె తీశాను. కదలకుండా నిలబడి చేశాను. ఈసారి కుదిరింది. రంగు, వాసన, అన్నీ కుదిరాయి. కుదిరిన ఆనందంలో చల్లార్చడం మర్చిపోయాను.

గొట్టం బుగ్గ దగ్గర పెట్టి వత్తాను. కొంచెం జారి కింది పెదవి మీదా గడ్డం మీదా పడింది. నా వేలు మీద కూడా ఒక చుక్క పడింది, చురుక్కుమని చెయ్యి వెనక్కి లాక్కున్నాను. వాడు కదల్లేదు. పెదవి మీద పొగలు కక్కుతున్న గుజ్జు, వాడు నా వంక అలాగే చూస్తున్నాడు, ఇంకా పొయ్యమన్నట్టు. తడిగుడ్డతో తుడిచేసరికి చర్మం ఎర్రగా కమిలింది. "కాలలేదురా?" అని అడిగాను. వాడికి అప్పుడు తెలిసింది, నాకు తెలిసిపోయిందని.

ఇన్నాళ్ళూ పాలు కారుతున్నా తుడుచుకోకపోతే, విసుగుతో అలా వదిలేస్తున్నాడనుకున్నాను. "మూతి తుడుచుకోరా, చిన్నపిల్లాడివా" అని తిట్టాను కూడా.

మర్నాడు నేనొక్కణ్ణే డాక్టరు దగ్గరికి వెళ్ళాను. విరిగిన ఎముక పక్క నుంచి వెళ్ళే నరం నలిగిందట. కింది పెదవి, గడ్డం, రెండూ మొద్దుబారిపోయాయట. స్పర్శ తిరిగి రావచ్చు, రాకపోవచ్చు. నెలలు పట్టొచ్చు. "మీ అబ్బాయికి మొదటి రోజే చెప్పాను. ఇంట్లో వాళ్ళకి చెప్పొద్దన్నాడు" అన్నాడాయన. నాకు సరిగా వినపడలేదని మళ్ళీ చెప్పించుకున్నాను. మళ్ళీ అదే చెప్పాడు.

క్లారినెట్ వాయించేవాడికి కింది పెదవి ఏమిటో నీకు నేను చెప్పక్కర్లేదు. ఊదేచోట ఉండే ఆ సన్నటి రెల్లు బద్ద, రీడు, దాని మీదే కదా ఆనేది. పెట్టె మంచం కిందికి ఎందుకు వెళ్ళిందో, నిన్ను ఎందుకు రావద్దన్నాడో ఇప్పుడు తెలిసింది. నువ్వైతే గుమ్మంలో అడుగుపెట్టగానే కనిపెట్టేస్తావు. నేనైతే కనిపెట్టను. అందుకే నేను చాలన్నాడు.

నువ్వు బయల్దేరు. వాడు వద్దంటాడు, వినకు. ఇది నా మాట.

మామయ్య


నవంబర్ 23

అమ్మాయీ,

మా పెద్దమ్మాయి ఇంటికి క్షేమంగా చేరాను. చేరి వారం దాటింది, మీ దగ్గర నుంచి ముక్క లేదు. తీగలు తీశారా? తీస్తే ఏమైంది? నోరు తెరిచాడా? మీ ఇద్దరికీ కాగితం కరువొచ్చిందా?

నువ్వొచ్చిన రోజు నేను వంటింట్లో ఆపిల్ తొక్కలు తీస్తున్నాను. నాకు వినపడదని మీరిద్దరూ ధైర్యంగా ఉన్నారు. నువ్వు అరిచిన అరుపు మా పాత మిషన్ల చప్పుడులోనైనా వినపడేది. బూట్లు కూడా విప్పలేదు నువ్వు. వాడు పలక మీద రాయడం, నువ్వు సగం చదివి అరవడం, వాడు చెరిపి మళ్ళీ రాయడం. "జాలి పడతావని చెప్పలేదు" అని రాసినట్టున్నాడు. దానికి నువ్వు, "జాలి పడే తీరిక నాకెక్కడుంది! ఒళ్ళు మండుతోంది నాకు, ఒళ్ళు!" అన్నావు. వాడు ఇంకేదో రాయబోతే సుద్ద విరిగిపోయింది.

నేను మర్నాడే బయల్దేరితే నొచ్చుకుని వెళ్ళిపోయాననుకున్నారేమో. లేదు. ఆ ఇంట్లో కోపానికి ఇద్దరు చాలు, మూడోవాడు ఎక్కువ.

ఇక్కడ పెద్దదాని పిల్లలకి గుజ్జు చేసి పెట్టాను. "తాతయ్యా, జామ్ ఉందా?" అని అడిగారు.

వెంటనే రాయి.

మామయ్య


డిసెంబర్ 10

మామయ్యగారికి,

రాయకపోవడం నా తప్పే. మంచి మాట ఏదైనా ఉంటే రాద్దామని ఆగాను. ఆగిన కొద్దీ అది రాలేదు.

తీగలు తీసేశారు. నోరు రెండు వేళ్ళంత తెరుచుకుంటోంది, అంతే. మాట ముద్దగా వస్తుంది. "ప" అన్నా, "బ" అన్నా ఒకలాగే ఉంటుంది. ఫోను మోగితే నా చేతికిచ్చేస్తారు. పోయిన వారం నేను బజారుకి వెళ్ళినప్పుడు పెట్టె తీసి ఊదారు. మెట్లెక్కుతుంటే వినపడింది. పాట కాదు, గాలి. పక్కనుంచి తప్పించుకుపోతున్న గాలి. నేను మెట్ల మీదే నిలబడిపోయాను. లోపలికి వెళ్ళేసరికి పెట్టె మూసేసి, పేపరు చదువుతున్నారు. పేపరు పోయిన నెలది.

రోజూ పోట్లాడుకుంటున్నాం, మీ దగ్గర దాచడం ఎందుకు. "నన్ను అలా చూడకు" అంటారు. చూడకపోతే, "మొహం ఎందుకు తిప్పుకుంటున్నావు" అంటారు. గడ్డం మీద ఏదైనా కారితే చెప్పాలి, చెప్తే కోపం, చెప్పకపోతే తర్వాత అద్దంలో చూసుకుని ఇంకా కోపం. మా ఆఫీసు వాళ్ళు ఎప్పుడొస్తావని రెండుసార్లు కబురు పెట్టారు. ఇక్కడ ఉండీ ఏమీ చెయ్యలేక, వెళ్ళనూ లేక, నాకు కూడా తీగలు బిగించినట్టే ఉంది.

నిన్న పొద్దున ఆపిల్ గుజ్జు చేశాను. ఇప్పుడు చెంచాతో తింటున్నారు కదా అని వడగట్టలేదు. ఒక చెంచా తిని గిన్నె నెట్టేశారు.

"ముక్కలున్నాయి" అన్నారు.

"కొంచెం నమలమన్నాడు కదండీ డాక్టరు!"

"నాన్న చేసిందే నయం. మూతి కాల్చినా మెత్తగా ఉండేది."

"అయితే మీ నాన్ననే పిలిపించుకోండి. నేను కొండలో నీళ్ళు తోడుకుంటాను, అక్కడ పంపైనా మాట వింటుంది."

"వెళ్ళు, ఎవరు ఆపారు?" అని ఇంకో చెంచా విసురుగా నోట్లో పెట్టుకున్నారు. ఎడమ పక్క నుంచి కొంచెం గడ్డం మీదికి జారింది. చెప్పకూడదనుకున్నాను. మొహం మాడ్చుకుని కూర్చుంటారులే అద్దం ముందు, అనుకున్నాను. ఆయన ఇంకా నన్ను తిడుతూనే ఉన్నారు, ఆ తిట్టు మధ్యలో చెయ్యి పైకి లేచి, గడ్డం ఎడమ పక్క తుడుచుకుంది.

నేను చెప్పలేదు మామయ్యగారూ. ఎదురుగా అద్దం లేదు.

ఆయన మాట మధ్యలో ఆగిపోయారు. చెయ్యి వంక చూసుకున్నారు. ఏదైనా అంటే ఆ స్పర్శ పోతుందేమోనని నాకు భయం వేసింది. గిన్నె దగ్గరికి లాక్కుని, ముక్కలున్న ఆ గుజ్జంతా తినేశారు.  తర్వాత వేలితో అక్కడే నొక్కి నొక్కి చూసుకుంటూ, "చీమ పాకినట్టుంది. చిరాగ్గా ఉంది" అన్నారు.

సాయంత్రానికి మళ్ళీ పోట్లాడుకున్నాం, పొయ్యి ఎవరు ఆర్పలేదన్నదాని మీద.

మీ కోడలు


డిసెంబర్ 13

అమ్మాయీ,

ఉత్తరం అందింది. పెద్దదాని చేత కూడా ఒకసారి గట్టిగా చదివించుకున్నాను.

ఎడమ పక్క సంగతి రాశావు. మరి కుడి పక్క? నీకు ఏదీ పూర్తిగా రాసే అలవాటు లేదు. వెంటనే రాయి.

మామయ్య